అచ్చొచ్చిన గది

మూడో అంతస్తు చివరి గది అచ్చొచ్చిన గది అని, మా పిన్ని దాన్ని తనకు నచ్చినవాళ్ళకే ఇస్తుందని క్యాంపస్ బస్సులో చెప్పుకునేవారు. ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ పెద్ద ఉద్యోగాలు వచ్చాయట. పిన్ని ముఖం చూడగానే ఎవరు పైకొస్తారో కనిపెట్టేస్తుందట. అలాంటివాళ్ళను ఏదో వంక పెట్టి ఆ గదిలోకి మార్చేస్తుందట. ఉద్యోగాలు వచ్చాక వాళ్ళు ఆవిడను మరిచిపోరట, ఏటా పార్సిళ్ళు పంపుతారట. పార్సిళ్ళలో ఏముంటాయో మాత్రం ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పేవారు.

ఆ బస్సు నడిపేది మా బాబాయే. అందుకని క్యాంపస్‌లో ఏ పుకారు పుట్టినా మధ్యాహ్నం భోజనం వేళకు మా ఇంటికి చేరేది.

"ఇవాళ్టి నుంచి నువ్వు జ్యోతిష్కురాలివి కూడానట," అన్నాడు బాబాయి ఒకరోజు బూట్లు విప్పుతూ. "నాది కూడా చూసి చెప్పరాదూ, ఈ బస్సు ఇంకెన్నాళ్ళు తోలాలో."

"ముందు చెయ్యి కడుక్కుని రండి. జాతకం తిన్నాక చూస్తాను," అంది పిన్ని.

పిన్ని ఆ బిజినెస్ స్కూల్ హాస్టల్‌కు కేర్‌టేకరు. గదులు అప్పగించడం, తాళాలు చూసుకోవడం, హీటర్లు, కుళాయిలు, దుప్పట్లు, అన్నీ ఆవిడ పనే. కింది అంతస్తులో వెనకవైపు రెండు గదులు ఆ ఉద్యోగంతోపాటు ఇచ్చారు. అందులోనే మేం ముగ్గురం ఉండేవాళ్ళం. నేను పిన్నికి అక్క కూతుర్ని. కాలేజీ మొదటి ఏడాదిలో చదువు ఆగిపోతే పిన్ని తన దగ్గరికి పిలిపించుకుంది. హాస్టల్‌లో దుప్పట్లు, దిండు గలీబులు మార్చే పని నాకు ఇప్పించింది.

పిన్ని పొట్టిగా ఉంటుంది, చాలా వేగంగా నడుస్తుంది. మనుషులతో కంటే కుళాయిలతో ఎక్కువ మాట్లాడుతుంది. "నిన్ననేగా నిన్ను బాగుచేశాను, మళ్ళీ ఏం వచ్చింది నీకు?" అని రెండో అంతస్తు కుళాయిని మందలిస్తుంటే, స్నానానికి వచ్చిన పిల్లలు తమనే అంటోందనుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయేవారు. తాళాల గుత్తిని నడుముకు తగిలించుకోదు. ఒక గుడ్డసంచిలో చుట్టిపెట్టి చంకలో పెట్టుకుంటుంది. తాళాల చప్పుడు వింటే పిల్లలకు ఎవరో తనిఖీకి వస్తున్నట్టు ఉంటుందని అంటుంది.

హాస్టల్ పాతది. గోడలంటే పేరుకే గోడలు. ఒక గదిలో తుమ్మితే పక్క గదిలోవాళ్ళకు చిరంజీవ అనాలనిపిస్తుంది. ఎవరు ఫోన్లో ఎవరితో పోట్లాడారో, ఎవరి అలారం మోగినా ఎవరు లేవలేదో అంతస్తు మొత్తానికి తెలుస్తుంది. అక్కడ చదివేవాళ్ళంతా మాలాగే సముద్రాలు దాటి వచ్చినవాళ్ళే. చాలామంది అంతకుముందు ఉద్యోగాలు చేసి, మానేసి, మళ్ళీ చదువుకు వచ్చినవాళ్ళు. వాళ్ళ క్లాసుల్లో నోరు విప్పి మాట్లాడినవాళ్ళకు మార్కులు ఉంటాయట. మాట్లాడకుండా కూర్చుంటే ఎంత బాగా రాసినా వెనకబడిపోతారట. అందుకే పొద్దున్న మెట్లు దిగేటప్పుడే అందరూ గొంతు సవరించుకుని, నవ్వు సర్దుకుని దిగేవారు.

పిల్లలు కొత్తగా చేరే రోజున పిన్ని పని చేసే తీరు ఒకటి ఉంది. పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి ఎవరి తాళం వాళ్ళ చేతికి ఇస్తుంది. గదులు కంప్యూటరు కేటాయించినవే. కానీ కాసేపయ్యాక, అదనపు దుప్పటి ఇచ్చే వంకతో ప్రతి గది తలుపూ తడుతుంది. నేను దుప్పట్ల బండి తోసుకుంటూ వెనకాల వెళ్తాను. తలుపు తీసినవాళ్ళ ముఖం వైపు పిన్ని పెద్దగా చూడదు. వాళ్ళ భుజం మీదుగా పెట్టె వైపు చూస్తుంది. బట్టలు సగం బయటికి తీసి మంచం నిండా పరిచినవాళ్ళు, పుస్తకాలు బల్ల మీద పేర్చుకుంటున్నవాళ్ళు, ఛార్జరు ఎక్కడుందో దొరక్క పెట్టె మొత్తం బోర్లించినవాళ్ళు, వీళ్ళతో ఆవిడకు బెంగ లేదు. పెట్టె తాళం కూడా తీయకుండా, బూట్లు విప్పకుండా మంచం అంచున కూర్చున్నవాళ్ళు ఎక్కడో ఒకరు ఉంటారు. అలాంటివాళ్ళు కనబడితే పిన్ని వెంటనే ఏమీ అనదు. మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి చూస్తుంది. అప్పటికీ పెట్టె అలాగే ఉంటే, "ఈ గదిలో హీటరు సరిగా లేదమ్మా, చివరి గదిలోకి మారతావా?" అని అడుగుతుంది.

ఆ చివరి గదిని అచ్చొచ్చిన గది అనేవాళ్ళు ఒక్కసారి లోపలికి వెళ్ళి చూసి ఉంటే బాగుండేది. హాస్టల్ మొత్తంలో అదే చిన్న గది. బీరువాలో సగం చోటు నీళ్ళ గొట్టం తీసేసుకుంది. కిటికీ తెరిస్తే సైకిళ్ళ షెడ్డు పైకప్పు తప్ప ఏమీ కనబడదు. దానికి ఒకవైపు మెట్లు. రెండోవైపు నేను పనిచేసే దుప్పట్ల గది. అంటే గోడ పక్కన మనుషులు పడుకునే గది ఏదీ లేదు. ఎంత ఏడ్చినా తోటి పిల్లలెవరికీ వినబడదు. పిన్ని ఆ గదిని ఇచ్చేది ఏడుపు ఆగనివాళ్ళకు.

నేను పనిలో చేరిన కొత్తల్లోనే పిన్ని ఈ సంగతి చెప్పింది. "గోడ అవతల ఏడుపు వినబడితే దుప్పట్లు ఎక్కడివక్కడ వదిలేసి బయటికి వచ్చెయ్. చప్పుడు చెయ్యకు. ఎవరో విన్నారని తెలిస్తే ఇక ఆ గది ఎందుకు?" అంది. ఇంకెవరితోనూ అనొద్దని వేరే చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదని ఆవిడకు తెలుసు.

ఆ ఏడాది ఆ గదిలోకి వచ్చింది ఒక సన్నటి అమ్మాయి. ఎండ కాస్తున్న రోజున కూడా చేతిలో గొడుగు ఉండేది కనక మేం గొడుగమ్మాయి అనుకునేవాళ్ళం. మొదటి రోజుల్లో నేను దుప్పట్ల గదిలో పని సగంలో వదిలేసి రావాల్సి వచ్చేది. బయట వసారాలో కూర్చుని గలీబులు మడతపెట్టుకునేదాన్ని. ఆ అమ్మాయి కాసేపటికి ముఖం కడుక్కుని, గొడుగు పట్టుకుని, నా పక్కనుంచే క్లాసుకు వెళ్ళేది. నేను గలీబుల వైపే చూసేదాన్ని.

ఆ సంవత్సరమే టై అబ్బాయి కూడా చేరాడు. అతను ఏ రోజూ టై లేకుండా కనబడలేదు. బట్టలు ఉతుక్కోవడానికి దిగినా టైతోనే దిగేవాడు. అందరినీ పేరు పెట్టి పలకరించేవాడు. క్లాసులో మొదట లేచే చెయ్యి అతనిదేనని బస్సులో అనుకునేవారు. చేరిన రోజున మేం దుప్పటి ఇవ్వడానికి వెళ్ళేసరికి అతని పెట్టె ఖాళీ అయిపోయి మంచం కింద ఉంది. చొక్కాలు రంగుల వరసలో వేలాడుతున్నాయి. బల్ల మీద ఇంటివాళ్ళ ఫోటో, దాని పక్కన కలాలు నిలబెట్టిన గ్లాసు. "ఈ అబ్బాయిని చూసి నువ్వు బీరువా సర్దడం నేర్చుకోవాలి," అంది పిన్ని నాతో, అతనికి వినబడేలా. అతను గట్టిగా నవ్వాడు.

ఉద్యోగాల కాలం దగ్గరపడింది. కంపెనీలవాళ్ళు వచ్చి ఇంటర్వ్యూలు చేసే రోజులు అవి. అప్పటినుంచి టై అబ్బాయి రోజూ కింద పిన్ని కూర్చునే కిటికీ దగ్గరికి రావడం మొదలుపెట్టాడు.

"పిన్నిగారూ, ఆ చివరి గది మీద నా పేరు రాసి ఉంది."

"నేను పొద్దున్నే తుడిచాను నాన్నా ఆ తలుపు. నంబరు తప్ప ఏమీ కనబడలేదు."

"ఇంటర్వ్యూలు అయ్యేదాకా ఇవ్వండి చాలు. ఉద్యోగం వచ్చాక మీకు గుడి కట్టిస్తాను."

"కట్టించేవాడివి ఆ కుళాయి కట్టించు. రాత్రీ పగలూ కారుతోంది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. అందరికంటే ఎక్కువ అతనే నవ్వేవాడు. మర్నాడు మళ్ళీ వచ్చేవాడు. నవ్వులాటగా మొదలైంది రానురాను పంతంలా తయారైంది. ఆ గదిలో ఉన్న అమ్మాయిని అడిగి చూస్తానని అన్నాడు. ఆ మాటకు పిన్నికి కోపం వచ్చింది. ఆ అమ్మాయి జోలికి వెళ్ళావంటే బాగుండదని మొహం మీదే చెప్పింది. అతని ముఖం ఎర్రబడింది. ఆ సాయంత్రమే అతను, చివరి గదిని కేర్‌టేకరు సొంత ఇష్టంతో పంచుతోందని హౌసింగ్ ఆఫీసుకు రాశాడు. బస్సులో తిరిగే పుకారంతా అందులో పెట్టాడు, పార్సిళ్ళతో సహా.

ఆఫీసు మేడమ్ పిన్నిని పిలిపించింది. ఆవిడ మంచి మనిషే, కేకలు వేసే రకం కాదు. కంప్యూటరు ఇచ్చిన గదిని మార్చే అధికారం కేర్‌టేకరుకు లేదని, ఇన్నేళ్ళుగా మార్చినందుకు సరైన కారణం ఉంటే రేపు హాస్టల్‌కు వచ్చినప్పుడు చెప్పమని అంది. కారణం లేకపోతే తాళాలు వేరొకరికి ఇచ్చి, పిన్నిని ఊరవతల ఉన్న సామాన్ల గోడౌనుకు పంపాల్సి వస్తుందట. అక్కడ ఉండటానికి ఇల్లు ఇవ్వరు.

ఆ రోజు భోజనాల దగ్గర బాబాయి జోకులు వెయ్యలేదు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్," అన్నాడు. "నువ్వేం తప్పు చేశావని? మంచి పనేగా."

"ఏమని చెప్పను? ఎవరి గురించి చెప్పను?"

"పేర్లు చెప్పకు."

"ఇప్పుడు ఆ గదిలో ఉన్నది ఒక్క మనిషి. పేరెందుకు? రేపు సాయంత్రానికల్లా మీ బస్సులో ఉంటుంది ఆ సంగతి. ఆ పిల్ల క్లాసులో చెయ్యెత్తి మాట్లాడాలి. మాట్లాడినప్పుడల్లా, ఏడ్చే గదిలో ఉండే పిల్ల అనుకుంటూ చూస్తారు."

"మరి మనం?"

పిన్ని కంచంలో నీళ్ళు పోసి లేచింది. బాబాయి నా వైపు చూశాడు, నేనేమైనా చెప్తానేమోనని. మేం ఉంటున్న రెండు గదుల్నీ ఆ మధ్యాహ్నం మొదటిసారి అద్దెకొచ్చినదాన్లా చూశాను. గోడకు కొట్టిన మేకులు కూడా పిన్ని కొట్టినవే.

మర్నాడు మేడమ్ పదిమందీ కూర్చునే కింది హాల్లోకి వచ్చింది. పిన్ని చంకలో సంచి పెట్టుకుని నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. టై అబ్బాయిని కూడా పిలిచారు. గెలిచినవాడిలా ఉంటాడనుకున్నాను, కానీ అతను బూట్ల వైపే చూస్తున్నాడు. క్లాసుల వేళ కావడంతో హాల్లో ఇంకెవరూ లేరు. నేను కాఫీ ఇచ్చి, వెళ్ళాలో ఉండాలో తెలియక బండి పక్కన నిలబడిపోయాను.

"కారణం ఒక్కటి చెప్పండి, చాలు," అంది మేడమ్. "అన్ని గదులకూ ఒక పద్ధతి, ఈ ఒక్కదానికి ఇంకో పద్ధతి ఎందుకు?"

"ఆ గది అంత బాగుండదండీ. అందరూ సర్దుకోలేరు."

"బాగుండని గది కోసం ఎవరైనా ఫిర్యాదు చేస్తారా?"

పిన్ని చంకలో సంచి సర్దుకుంది. మేడమ్ కాసేపు చూసి, ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా అని అడిగింది. లేదండీ అంది పిన్ని. సంచిని చంకలోంచి తీసి బల్ల మీద పెట్టింది. లోపల తాళాలు చిన్నగా కదిలాయి.

అప్పుడే వీధి తలుపు తోసుకుని గొడుగమ్మాయి వచ్చింది. ఆ పూట క్లాసు తొందరగా అయిపోయిందట. మెట్ల వైపు వెళ్తూ బల్ల మీద సంచిని, పిన్ని ముఖాన్ని చూసి ఆగింది. టై అబ్బాయి ఫిర్యాదు సంగతి అంతస్తంతా తెలుసు కాబట్టి ఆమెకూ తెలిసే ఉంటుంది. గొడుగు గోడకు ఆనించి మేడమ్ దగ్గరికి వచ్చింది.

"ఆ గదిలో ఉండేది నేనే మేడమ్," అంది. "నేను ఏడుస్తుంటాను. అందుకని ఇచ్చారు."

పిన్ని వైపు ఒకసారి చూసి మళ్ళీ మేడమ్ వైపు తిరిగింది. "హీటరు పాడైందన్నారు. పాత గదిలో హీటరు బాగానే ఉంది, నాకప్పుడే తెలుసు. ఆ గదిలో ఏడిస్తే ఎవరికీ వినబడదు. వినబడదని తెలిశాక మెల్లమెల్లగా తగ్గింది. ఈమధ్య అవసరం కూడా పడటం లేదు. తాళం ఇచ్చేద్దామనే అనుకుంటున్నాను."

మేడమ్ కళ్ళజోడు తీసి, తుడవకుండానే మళ్ళీ పెట్టుకుంది. ఇది నిజమేనా అని పిన్నిని అడగలేదు. టై అబ్బాయి వైపు తిరిగింది. ఆవిడ గొంతులో ఇప్పుడు కొంచెం కాఠిన్యం ఉంది.

"విన్నారుగా. అది అదృష్టం గది కాదు. ఇంకా కావాలా మీకు?"

అతను సిగ్గుపడి అక్కర్లేదంటాడని మేమంతా ఎదురుచూశాం. అతను టై ముడి మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. తర్వాత తల ఎత్తకుండా అన్నాడు.

"కావాలి."

మేడమ్‌కు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. పిన్నికి వెంటనే అర్థమైంది. బల్ల మీది సంచి తీసుకుని మళ్ళీ చంకలో పెట్టుకుంది. ఆవిడను వద్దనడానికి మేడమ్ కూడా ప్రయత్నించలేదు.

"పెట్టె సర్దుకో నాన్నా," అంది పిన్ని. "నేనూ వచ్చి సాయం పడతాను."

ఆ మధ్యాహ్నమే గదులు మార్చారు. గొడుగమ్మాయి అతని గదిలోకి, అతను చివరి గదిలోకి. నేను మంచాలకు దుప్పట్లు మార్చాను. చొక్కాలు మోస్తూ పిన్ని అతన్ని అడిగింది, అదృష్టం సంగతి నిజంగా నమ్మావా అని. లేదన్నాడు. మెట్లెక్కుతూ దిగుతూ చూశాడట, గోడ పక్కన ఎవరూ లేని గది అదొక్కటే. ఎందుకు కావాలని ఎవరైనా అడిగితే అదృష్టం కోసమని చెప్పడం తేలిక, నవ్వి ఊరుకుంటారు.

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా నవ్వుతూనే ఉండాలి పిన్నిగారూ. దవడలు నొప్పి పుడతాయి. గదికొచ్చాక దిండులో ముఖం పెట్టుకున్నా పక్కవాడికి వినబడుతుందేమోనని భయం."

"మరి మొదటి రోజే అంత చక్కగా సర్దుకున్నావు?"

"సర్దకపోతే ఇంకా ఏడుపొస్తుంది. అందుకే."

పిన్ని చొక్కాల దొంతర మంచం మీద పెట్టి కాసేపు దాన్ని నిమురుతూ నిలబడింది. ఫిర్యాదు చేసినందుకు అతను క్షమించమని అడగబోతే, బీరువాలో గొట్టం వేడిగా ఉంటుంది, ఊలు బట్టలు దానికి తగలనివ్వకు అని చెప్పి బయటికి వచ్చేసింది. దుప్పట్ల గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"రోజూ వచ్చి నా ఎదురుగా నిలబడి అడిగాడే," అంది నాతో. "నేను జోకులు వేస్తూ కూర్చున్నాను."

గోడ అవతల పెట్టె చక్రాల చప్పుడు వినబడింది. పిన్ని నా చేతిలోని గలీబు తీసి అలమరలో పెట్టి, నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. ఆ వేళ మిగిలిన మడతలన్నీ ఇద్దరం వసారాలోనే కూర్చుని పెట్టాం.

మేడమ్ ఆ తర్వాత వారం కబురు చేసింది. గదులన్నీ కంప్యూటరు ఇచ్చినట్టే ఉండాలట, ఎవరూ మార్చకూడదట. చివరి గదిని మాత్రం కంప్యూటరులోంచి తీసేశారు. దాని తాళం పిన్ని దగ్గరే ఉంటుంది, ఎవరికిచ్చావని ఎవరూ అడగరు. గోడౌను మాట మళ్ళీ రాలేదు. బాబాయి గోడకు ఇంకో మేకు కొట్టి తన టోపీ తగిలించాడు.

పిన్ని పని తీరులో మాత్రం ఒక మార్పు వచ్చింది. ఇప్పుడు చేరిన రోజున పెట్టెలు చూసి ఊరుకోదు. కొన్నాళ్ళయ్యాక బల్బులు చూడాలనే వంకతో బాగా సర్దుకున్నవాళ్ళ గదులకు కూడా వెళ్తుంది. బల్బు మారుస్తున్నంతసేపూ వాళ్ళతో ఏదో ఒకటి మాట్లాడుతుంది. కుళాయిలను తిట్టడం తగ్గిందని బాబాయి అంటాడు.

పుకారు ఆగలేదు, ఇంకాస్త పెరిగింది. టై అబ్బాయి ఆఫీసుదాకా వెళ్ళి పోట్లాడి మరీ అచ్చొచ్చిన గది సంపాదించాడని, అందుకే అతనికి అంత మంచి ఉద్యోగం వచ్చిందని ఇప్పుడు బస్సులో చెప్పుకుంటారు. గొడుగమ్మాయి ఉద్యోగం కూడా ఆ గది ఖాతాలోనే వేశారు. ఇద్దరికీ మంచి ఉద్యోగాలు వచ్చిన మాట నిజమే. అంతకుముందు ఆ గదిలో ఉండి వెళ్ళినవాళ్ళలో చాలామందికి వచ్చిన మాట కూడా నిజమే.

అయితే వాళ్ళలో ఎవరికీ ఆ గదిలో ఉండగా ఉద్యోగం రాలేదు. టై అబ్బాయితో సహా అందరూ అంతకుముందే ఎప్పుడో ఒక పొద్దున్న వచ్చి, పిన్ని చేతిలో తాళం పెట్టి, వేరే గదికి మారిపోయారు.